తామ్రచూడుని తురాయి

కోడికి సంస్కృత నిఘంటుకర్తలు ఇచ్చిన పేర్లు అనేకం. వానిలో మూడు ముఖ్యమైనవి. కూతనుబట్టి కుక్కుటమన్నారు. కాలి ముల్లును ఆయుధముగా ధరించినది కనుక చరణాయుధమన్నారు. తలపై రాగిరంగు సిగ కలది కనుక తామ్రచూడమన్నారు. కంఠము, కాలు, శిరస్సు - ఈ మూడింటిని చెప్పితే కోడిపుంజు స్వరూపము చాలవరకు చెప్పినట్లే. కూతను గూర్చి మనకు సామెతలున్నవి. కాలి ముల్లును గూర్చి కావ్య వర్ణనలున్నవి. తలమీది సిగను గూర్చి మాత్రం మనవారు చెప్పినది కొంచెమే. అయినా ఆ పక్షి ఆరోగ్యాన్ని, వయస్సును, తోటి కోళ్ళలో దానికి గల స్థానాన్ని మొట్టమొదట తెలిపేది ఆ సిగయే. ప్రదర్శనలో న్యాయనిర్ణేత చూపు మొదట వ్రాలేది కూడా దానిమీదనే. అందుకే దానికి తగిలిన చిన్న గాయమైనా పెంపకందారునికి పెద్ద చింత అవుతుంది.

ఈ అవయవానికి తెలుగు పేర్లు వెదకదలచినవారికి నారాయణఖేడ్ ప్రాంతము మంచి పాఠశాల. ఆ తాలూకా 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రపు బీదరు జిల్లాలో ఉండెను. పిమ్మట మెదక్ జిల్లాలో చేరినది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో నేడు రెవెన్యూ డివిజను కేంద్రము. అటు కన్నడదేశము, ఇటు మహారాష్ట్రము సమీపముననే ఉండుటచేత సంతలో నాలుగు భాషలు వినిపిస్తవి. తెలుగువారి పుంజు కన్నడిగుల నోట హుంజ. తెలుగులోని పకారము కన్నడములో హకారమగుట భాషాశాస్త్రము చదివినవారికి తెలిసినదే. తెలుగువారి కోడి వారికి కోళి. దాని తలమీది ఎర్రని కండను తెలుగువారూ కన్నడిగులూ జుట్టు అనే అంటారు. మరాఠీలో అది తురా. ఉర్దూలో కల్గీ. తలపాగపై నిలిపే కుచ్చుకు పేరైన పారసీక పదము తుర్రా మరాఠీలో తురాగా, తెలుగులో తురాయిగా స్థిరపడినది. ఒక చిన్న కండముక్కకు ఇన్ని కిరీటనామాలు లభించుట దాని గౌరవానికి సాక్ష్యము.

ఈ పోలిక పూలలోనికి కూడా ప్రాకినది. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడుతో పాటు గునుగును, సీతజడను వాడడము తెలంగాణ ఆడపడుచుల ఆచారము. గునుగు పువ్వు, సీతజడ పువ్వు దగ్గరి చుట్టాలు. ముడతలు పడి, అంచులు అలలు తేలి, ముఖమలు ముక్కవలె ఉండే సీతజడను చూచినవారికి కోడిపుంజు తల తప్పక గుర్తు వస్తుంది. కొన్నిచోట్ల దానిని కోడిజుట్టు పువ్వు అనే పిలుస్తారు. ఇంగ్లీషువారు కూడా ఆ పువ్వుకు కోడిజుట్టు అను అర్థమిచ్చే పేరే పెట్టినారు. ఒకరినొకరు ఎరుగని రెండు జాతులకు ఒకే పోలిక తోచినదంటే ఆ రూపము ఎంత స్పష్టమైనదో ఊహించవచ్చును.

బరి నుండి ప్రదర్శనకు

మన సాహిత్యములో కోడి ప్రధానముగా యుద్ధవీరుడు. దండి దశకుమారచరితములో కోడిపందెమున్నది. దానిని 13వ శతాబ్దిలో కేతన తెనిగించి తిక్కనకు అంకితమిచ్చినాడు. క్రీడాభిరామములో ఓరుగంటి వీధులలోని కోడిపోరు వర్ణితమైనది. ఇక పల్నాటి కథ తెలుగువారికి కొత్త కాదు. 12వ శతాబ్దిలో నాగమ్మకు, బ్రహ్మనాయనికి మధ్య జరిగిన కోడిపందెము ఒక వర్గమును ఏడేండ్లు ప్రవాసమునకు పంపినదని, ఆ పగ తుదకు కారెంపూడి రణరంగమునకు దారితీసినదని వీరగాథ చెప్పుచున్నది. డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ, సవల, పింగళ - ఈకల రంగులనుబట్టి ఏర్పడిన ఈ పేర్లు, వానిమీద అల్లుకున్న కుక్కుటశాస్త్రము, తెలుగువాడు కోడిని ఎంత నిశితముగా పరిశీలించినాడో తెలుపుతవి. కాని ఆ పరిశీలన అంతా గెలుపు కొరకు. అక్కడ జుట్టుకు తగిలిన గాయము వీరచిహ్నము. నెత్తురు చూచి జనము కేకలు వేస్తారు.

ఇంగ్లండులో ఈ దృష్టి మారిన తీరు గమనింపదగినది. అక్కడి శాసనసభ 1835లో కోడిపందెములను నిషేధించినది. శతాబ్దాలుగా మేలుజాతి పుంజులను పెంచుతూ వచ్చినవారికి ఒక్కసారిగా తమ విద్యను చూపే చోటు లేకుండా పోయినది. పదేండ్లు తిరుగక ముందే, 1845లో, లండను జంతుప్రదర్శనశాలలో కోళ్ళ ప్రదర్శన జరిగినది. 1849లో అమెరికాలోని బోస్టను నగరములో మరొకటి జరిగినది. 1873లో అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ ఏర్పడి, మరుసటి ఏడు ఏ జాతి కోడి ఎట్లా ఉండవలెనో లక్షణగ్రంథము ప్రకటించినది. రెక్క ఎంత, తోక ఎంత, జుట్టుకు ఎన్ని మొనలు అన్నదంతా అందులో నిర్ణయమైనది. పోరులో గెలిచిన కోడికి బదులు, చక్కగా పెరిగిన కోడి గొప్పదైనది. నిన్నటి దాకా కీర్తియైన గాయము నేడు లోపమైనది. దయకు చట్టము దారి తీసినది. దానికి అభిరుచి తోడుపడినది.

మన దేశములో జంతుహింసా నివారణ చట్టము 1960లో వచ్చినది. ఆంధ్రప్రదేశ్ జూద నిరోధక చట్టము 1974 నాటిది. రెండింటి ప్రకారమూ కత్తులు కట్టిన సంక్రాంతి బరులు చట్టవిరుద్ధములే. అయినా బరులు ఆగలేదు. మరొకవైపు, చిలుకముక్కు, పొడవైన తోక గల అసీలు పుంజుల అందాల పోటీలు తమిళనాట, ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని ప్రాంతాలలో జరుగుతున్నవి. వానిలో నెత్తురు లేదు. పక్షిని బల్లమీద నిలిపి, ముక్కు వంపు, మెడ నిలుపు, తోక తీరు, జుట్టు పరిమాణము పరీక్షిస్తారు. కోడిని ప్రేమించే తెలుగువానికి తన ప్రేమను ప్రకటించుకొనుటకు ఇది రెండవ దారి. ఆ దారిలో నడిచేవాడు నేర్వవలసిన మొదటి విద్య గాయపరచడము కాదు, గాయము మాన్పడము.

జుట్టు చేసే పని

కోడిజుట్టు కేవలము అలంకారము కాదు. కోడికి చెమట పట్టదు. వేసవిలో దాని దేహములోని వేడి బయటికి పోవుటకు నోరు తెరచి రొప్పడము ఒక మార్గము; ఈకలు లేని జుట్టులోనికి, గడ్డము క్రింద వ్రేలాడే ఎర్రని తిత్తులలోనికి నెత్తురును ఎక్కువగా పంపి చల్లబరచుకొనడము రెండవది. చర్మము క్రిందనే సన్నని రక్తనాళాలు దట్టముగా అల్లుకొని ఉండుటవలననే దానికా ఎరుపు. చిన్న గీత పడినా ధారగా నెత్తురు కారుటకు కారణమూ అదే. చూచేవారికి ప్రాణాపాయమనిపించే గాయము చాలసార్లు గోటిగాటు కంటె పెద్దది కాదు. అదే రక్తసమృద్ధి గాయము త్వరగా మానుటకు కూడా తోడ్పడుతుంది.

ఈ ఎర్రని కండ వైద్యశాస్త్ర చరిత్రలో గొప్ప సాక్ష్యమిచ్చినది. 1849లో జర్మనీలోని గోటింగెన్ నగరములో బెర్తోల్డ్ అను ఆచార్యుడు ఆరు లేత పుంజులపై ఒక పరీక్ష చేసినాడు. బీజములు తొలగించిన పుంజులకు జుట్టు పెరుగలేదు. కూత, పోరు, ఆడుపక్షులపై ఆసక్తి ఏవీ కలుగలేదు. తొలగించిన బీజమును కడుపులో మరొకచోట నాటినప్పుడు ఆ లక్షణాలన్నీ యథాప్రకారము వృద్ధి పొందినవి. నరాలతో సంబంధము తెగిపోయినా ప్రభావము నిలిచినది కనుక, బీజము నుండి ఏదో ఒక పదార్థము నెత్తురులో కలిసి దేహమంతటా పనిచేస్తున్నదని ఆయన నిశ్చయించినాడు. హార్మోను అను మాట పుట్టుటకు అర్ధశతాబ్దికి పైగా ముందే హార్మోనుల శాస్త్రమునకు ఆ పరీక్ష పునాది వేసినది. తరువాత 1930 ప్రాంతాన పురుష హార్మోను బలమును కొలుచుటకు శాస్త్రజ్ఞులు వాడిన కొలబద్ద కూడా కోడిజుట్టు పెరుగుదలయే.

మరొక విశేషము. కీళ్ళలోను, కంటిలోను ఉండే జిగట పదార్థము హయలురోనిక్ ఆమ్లము కోడిజుట్టులో సమృద్ధిగా ఉన్నది. దానిని జుట్టు నుండి తీసి, శుద్ధిచేసి, కంటి శస్త్రచికిత్సలలోను, మోకాలి నొప్పులకు ఇచ్చే సూదిమందులలోను వాడినారు. కసాయి పారవేసే ముక్క మనిషి కంటికి వెలుగైనదనవచ్చును.

జుట్టు ఎర్రగా, నిండుగా ఉన్న పుంజునే పెట్టలు ఎక్కువగా కోరుకుంటవని అడవికోళ్ళపై జరిగిన పరిశోధనలలో తేలినది. పురుగులు పట్టిన పుంజుకు జుట్టు చిన్నదై వెలవెలపోతుంది. పెట్ట గుడ్లకు వచ్చినప్పుడు దాని జుట్టు ఎర్రబారి నిగనిగలాడుతుంది. గుడ్లు నిలిపినప్పుడు ముడుచుకొని పాలిపోతుంది. ఈ సంగతి పల్లెటూరి గృహిణికి ఎవరూ నేర్పకయే తెలుసు. అద్దము అబద్ధమాడినా కోడిజుట్టు అబద్ధమాడదు.

నాలుగు రూపాలు

పాఠశాలలో వంశపారంపర్య సూత్రాలు బోధించే ఉపాధ్యాయులు బటానీ మొక్కల తరువాత కోడిజుట్టును ఉదాహరణగా తీసుకొనుటకు మంచి కారణమున్నది. మెండెలు సూత్రాలు మొక్కలకే గాక జంతువులకు కూడా వర్తిస్తవని ఇంగ్లండులో బేట్సన్ 1902లో చూపినది కోళ్ళ సహాయముతోనే. జుట్టు రూపాలలో ముఖ్యమైనవి నాలుగు. రంపపు పండ్లవలె మొనలుండి నిలువుగా లేచేది ఒంటిజుట్టు. మన పెరటికోళ్ళలో ఎక్కువగా కనిపించేది, లెగ్‌హార్న్ జాతికి చెల్లేది ఇదే. వెడల్పుగా పరచుకొని, పైన చిన్న చిన్న బొడిపెలతో, వెనుక ఒక మొనతో ఉండేది గులాబీజుట్టు. మూడు పొట్టి గట్లు వరుసగా ఉండేది బటానీజుట్టు. మన అసీలుకు ఉండేది ఇది. అక్రోటు గింజవలె ముడతపడినది నాలుగవది.

గులాబీజుట్టు శుద్ధజాతిని బటానీజుట్టు శుద్ధజాతితో కలిపితే పుట్టే పిల్లలన్నిటికీ అక్రోటుజుట్టే వస్తుంది. తలిదండ్రులలో లేని రూపము పిల్లలలో కనిపిస్తుందన్నమాట. ఆ పిల్లలను తమలో తాము కలిపితే పుట్టే ప్రతి పదహారింటిలో సుమారు తొమ్మిది అక్రోటు, మూడు గులాబీ, మూడు బటానీ, ఒకటి ఒంటిజుట్టు వస్తవి. రెండు జన్యువులు కలిసి ఒక రూపాన్ని నిర్ణయించగలవను సత్యము ఈ విధముగా వెల్లడి అయినది. ఒక శతాబ్ది తరువాత, బటానీజుట్టుకు కారణమైన జన్యుమార్పును 2009లోను, గులాబీజుట్టుకు కారణమైనదానిని 2012లోను శాస్త్రజ్ఞులు గుర్తించినారు.

అసీలుకు జుట్టు చిన్నదగుట దాని వృత్తికి తగినట్లే ఉన్నది. ప్రత్యర్థి ముక్కుకు అందే పట్టు అక్కడ తక్కువ. పొడవైన ఒంటిజుట్టు గల పక్షికే ప్రదర్శనలో అందమెక్కువ, దెబ్బలూ ఎక్కువ. లెగ్‌హార్న్ పుంజు జుట్టుకు అయిదు మొనలు ఉండవలెనని, అది నిటారుగా నిలువవలెనని నియమము. పెట్టకు మాత్రం ఒక ప్రక్కకు వ్రాలవలెను. ఒక మొన తెగిపోతే మళ్ళీ మొలవదు. అందుచేత ఇక్కడ ముందుజాగ్రత్తయే మొదటి మందు.

గాయాలు కలిగే విధము

చలిదేశాల పుస్తకాలు కోడిజుట్టుకు మంచు మొదటి శత్రువని చెప్పుతవి. గడ్డకట్టే చలిలో జుట్టు కొనలు నల్లబడి రాలిపోతవి. సంగారెడ్డి జిల్లాలో కోహీరు వంటిచోట్ల శీతకాలములో చలి తీవ్రమే అయినా, నీరు గడ్డకట్టేంత చలి ఈ నేలకు సహజము కాదు. ఇక్కడి శత్రువులు వేరు. మొదటిది తోటి కోడి ముక్కు. రెండవది తెగిన ఇనుపజాలీ కొన. మూడవది ఇరుకైన గంప, తలతాకే తలుపు, పదునైన రేకు అంచు. నాలుగవది దోమ.

తోటికోడి పొడవడములో ఒక క్రమమున్నది. నార్వే దేశస్థుడు షెల్డెరుప్-ఎబ్బె చిన్ననాటి నుండి కోళ్ళను గమనించి, ఏ కోడి ఏ కోడిని పొడువవచ్చునో మందలో ఒక శ్రేణి ఏర్పడి ఉంటుందని 1921 ప్రాంతాన ప్రకటించినాడు. శ్రేణి కుదిరిన మందలో శాంతి ఉంటుంది. కొత్తకోడి వచ్చినా, ఉన్న కోడిని చాలనాళ్ళు దూరముగా ఉంచి తిరిగి వదలినా, శ్రేణి మళ్ళీ తేలవలసి వస్తుంది, పోరు తప్పదు. ప్రదర్శనకు కొద్దిరోజుల ముందు కొత్తపక్షిని మందలో కలుపడము ఇందుకే తెలివితక్కువ. ఇరుకు, ఎండవేడి, మేత చాలకపోవడము, అందరికీ ఒకే మేతతొట్టి - ఇవన్నీ పొడుపును పెంచుతవి. ఒకసారి ఎర్రని నెత్తురు కనిపించినదా, మిగిలిన కోళ్ళన్నీ ఆ చోటనే పొడుస్తవి. చిన్నగాటు ప్రాణాంతకమయ్యేది ఇట్లాగే.

చేయవలసినది, చేయరానిది

అందువలన గాయము కనిపించగానే చేయవలసిన మొదటిపని మందు వెదకడము కాదు. ఆ పక్షిని మందనుండి వేరుచేయడము. వేరుచేసినా తోటికోళ్ళ కంటికి కనిపించేచోట, జాలీకి ఇవతల ఉంచితే, తిరిగి కలిపినప్పుడు పోరు తగ్గుతుంది.

పక్షిని మెత్తని తువాలులో చుట్టి, రెక్కలు కదలకుండా చంకలో ఇముడ్చుకొని, కళ్ళకు గుడ్డ నీడపట్టితే అది త్వరగా నెమ్మదిస్తుంది. రొమ్మును మాత్రం గట్టిగా నొక్కరాదు. మనకున్నట్లు కోడికి ఊపిరి నడిపే విభాజకపటలము లేదు. రొమ్ముటెముక కదలితేనే దానికి శ్వాస. భయముతో బిగించి పట్టుకొన్నవారి చేతిలో ఊపిరాడక పక్షి చనిపోవచ్చును.

నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డను గాయముమీద ఉంచి అయిదు నిమిషాలు కదల్చకుండా అదమవలెను. నిమిషానికొకసారి ఎత్తి చూచినందువలన కట్టుతున్న గడ్డ చెదరిపోతుంది. ఆగకుంటే కొద్దిగా మొక్కజొన్న పిండి అద్ది మళ్ళీ అదమవచ్చును. నెత్తురు నిలిచిన పిమ్మట, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కరగించి, ఆ నీటితో మట్టిని, మురికిని మెల్లగా కడగవలెను. తరువాత పోవిడోన్ అయోడిన్ మందును పలుచని తేనీటి రంగు వచ్చునంతగా నీరు కలిపి దూదితో అద్దవలెను. కంటిలోనికి, ముక్కు రంధ్రాలలోనికి పోకుండా జాగ్రత్త అవసరము. రోజుకు ఒకటి రెండుసార్లు ఇంతపని చాలును. జుట్టుకు కట్టు నిలువదు. గాలి తగలనిస్తేనే మంచిది. ఈగలు ముసిరే కాలములో పక్షిని దోమతెరగల చోట ఉంచకపోతే గాయములో పురుగులు పడవచ్చును.

చేయరాని పనులు కూడా చెప్పుకొనవలెను. పల్లెలలో గాయమునకు సున్నము పట్టించేవారున్నారు, కిరసనాయిలు పూసేవారున్నారు. సున్నము లేతకండను కాలుస్తుంది. కిరసనాయిలు చర్మమును దహించడమే గాక లోనికిపోతే విషము. స్పిరిటు, హైడ్రోజన్ పెరాక్సైడు పదే పదే వాడితే క్రిములతో పాటు కొత్తగా పుట్టే చర్మము కూడా చచ్చిపోతుంది. మనుషులకు వాడే నొప్పి మలాములలో మొద్దుబరచే మందులు కలిసి ఉంటవి. అవి పక్షికి పడకపోవచ్చును కనుక పశువైద్యుని అడుగక పూయరాదు. పసుపు మన ఇండ్లలో తరతరాల మందు. దానికి క్రిమినాశకగుణమున్న మాట నిజమే. కాని అంగటిపొడిలో ఏమి కలిసినదో తెలియదు. పైగా అది అంటిన చోటు ఈకలతో సహా పచ్చబడి ప్రదర్శననాటికి వదలదు.

గాయముమీద కట్టిన పక్కును గిల్లకుండుట అన్నిటికంటె కష్టమైన చికిత్స. దాని క్రింద కొత్తచర్మము అల్లుకొంటూ ఉంటుంది. అందవిహీనముగా ఉన్నదని ముందురోజు దానిని ఊడబెరికితే తాజానెత్తురు కారుతుంది, మచ్చ నిలుస్తుంది. చిన్నగాటు ఒకటి రెండు వారాలలో దానంతటదే పక్కురాల్చుకొని ఎర్రబారుతుంది. పక్కు ఎండి పగులుతుంటే పెట్రోలియం జెల్లీ పలుచగా రాయవచ్చును. ముక్క వ్రేలాడుతున్నా, నెత్తురు అరగంటకూ నిలువకున్నా, వాపు, చీము, దుర్వాసన కనిపించినా, పక్షి మేత మానినా అది ఇంటివైద్యమునకు మించినదని గ్రహించవలెను. తెలంగాణలో 1962 అను ఉచిత సంఖ్యకు ఫోను చేస్తే సంచార పశువైద్యశాల సేవ లభిస్తుంది. సూక్ష్మజీవినాశక మందులు స్వయముగా కొని మింగించరాదు. వాని అవశేషాలు గుడ్డులోనికి, మాంసములోనికి వస్తవి.

గాయమా? రోగమా?

జుట్టుమీది ప్రతి నల్లమచ్చా గాయము కాదు. ఈ వివేకము లేనందువలన ఒక పక్షికి బదులు మందమంతా పోవచ్చును. గాయపు పక్కు దెబ్బ తగిలిన చోటనే, ఒకే పక్షికి ఉంటుంది. బొడిపెలవలె లేచి, పులిపిరులై, నల్లబడి, కళ్ళచుట్టూ నోటిచుట్టూ వ్యాపిస్తూ, ఒకదాని తరువాత ఒకటిగా పలు కోళ్ళకు వస్తే అది కోళ్ళ మశూచి. దోమలు దానిని మోసుకొని వస్తవి. వచ్చినదానికి నేరుగా మందు లేదు. రాకుండా టీకా ఉన్నది. పిండి చల్లినట్లు తెల్లని పొర జుట్టును కప్పితే అది బూజుజాతి క్రిమి వలన కలిగే చర్మరోగము. దెబ్బలేమీ లేకుండా జుట్టు నీలిబారినదా, అది అన్నిటికంటె భయంకరమైన సూచన. 1927లో కుమావూ కొండలలోని రాణిఖేత్‌లో కనిపించి ఆ ఊరిపేరే పొందిన కొక్కెర తెగులులోను, పక్షుల ఇన్‌ఫ్లుయెంజాలోను ఇది కనిపించవచ్చును. మన దేశములో రెండవ రోగము మొదటిసారి 2006లో మహారాష్ట్రలోని నవాపూరులో బయటపడినది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్ళఫారములను దెబ్బతీసినది. అట్టి అనుమానమున్న పక్షిని ప్రదర్శనకు కాదు, గడపకూడా దాటించరాదు. వెంటనే పశువైద్యాధికారికి తెలియజేయవలెను. ఆరోగ్యముతో వెళ్ళిన పక్షిని సైతము, ప్రదర్శన నుండి తిరిగివచ్చిన తరువాత కొన్నివారాలు మందకు దూరముగా ఉంచడము బుద్ధిమంతుల పద్ధతి.

దాచుట తగునా?

అన్ని జాగ్రత్తలూ పడినా, ప్రదర్శనకు నాలుగురోజుల ముందు గాయము తగులవచ్చును. అప్పుడు పెంపకందారుని ముందు మూడు దారులుంటవి. గాయముతోనే పక్షిని నిలుపడము, పక్షిని ఇంటిపట్టున ఉంచడము, గాయమును రంగుతో కప్పడము. మూడవదానికి లక్షణగ్రంథాలు మోసమని పేరు పెట్టి, పట్టుబడిన పక్షిని పోటీనుండి తొలగించవలెనని విధించినవి. తడిగుడ్డతో జుట్టు తుడవడము, చుక్కనూనె రాయడము శుభ్రత క్రిందికి వస్తుంది. ఎర్రరంగు పూయడము, తెగిన మొనను జిగురుతో అతికించడము వంచన క్రిందికి వస్తుంది. ఉన్నదానిని చక్కగా చూపడము ఒకటి, లేనిదానిని ఉన్నట్లు చూపడము మరొకటి. ఈ రెంటి భేదము కోళ్ళ ప్రదర్శనకే పరిమితము కాదని ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు.

నిజానికి మొదటి దారియే చాలసార్లు ఉత్తమము. అనుభవజ్ఞుడైన న్యాయనిర్ణేత తాజాగాటుకు, పుట్టుకతో వచ్చిన లోపానికి తేడా ఎరుగును. మానిపోయే గాటు కొన్ని మార్కులు తగ్గించవచ్చును. జాతిలక్షణములోని దోషము మాత్రము తరువాతి తరానికి సంక్రమిస్తుంది కనుక దానికి క్షమ లేదు. అయితే గాయము నొప్పిపెట్టుచున్నంత కాలము పక్షిని గంపలోపెట్టి, బస్సులో కుదిపి, జనసమ్మర్దములో నిలుపడము దయ కాదు. అట్టి వేళ రెండవదారియే ధర్మము. బహుమానము మళ్ళీ ఏడాదికి వస్తుంది.

మేలుజాతుల పోషణకు మన నేలమీద కృషి లేకపోలేదు. హైదరాబాదు సమీపాన రాజేంద్రనగరులో 1988లో ఏర్పడిన కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ అను పెరటికోళ్ళను రూపొందించి పల్లెలకు అందించినది. అసీలువంటి దేశీజాతులను శుద్ధముగా కాపాడుచున్నది. అవి చేరిన పల్లెలలో కోళ్ళను చూచేది ఎక్కువగా స్త్రీలు, పిల్లలు. గంప ఎత్తి కోళ్ళను వదలేటప్పుడు ఒక్కొక్క తలను ఒక్క క్షణము చూచే అలవాటు బడిపిల్లలకు ఉంటే చాలును. ఎరుపు తగ్గినదా, నలుపు తేలినదా, కొన చిట్లినదా అని గమనించి ఒక చిన్నపుస్తకములో తేదీవేసి వ్రాసుకొన్న పిల్లవాడు జీవశాస్త్రములో సగము పాఠము నేర్చినట్లే. నారాయణఖేడ్ వంటి చోట అదే పుస్తకములో జుట్టు, తురా, కల్గీ అని నాలుగు భాషల మాటలు కూడా చేరితే భాషాశాస్త్రములో మరికొంత నేర్చినట్లు.

కుమారస్వామి జెండాపై కోడిని నిలిపిన మనవారు దానిని యుద్ధదేవత పరివారములో చేర్చినారు. ఆ గౌరవము దాని కాలిముల్లుకు దక్కినది. తలమీది తురాయికి దక్కవలసిన గౌరవము ఇంకా మిగిలియున్నది. తన పుంజు నెత్తుటిలో తడిసి గెలిచినదని చెప్పుకొనే యజమాని కంటె, తన పుంజు జుట్టుకు తగిలిన గాటును రెండువారాలు ఓపికతో మాన్పినానని చెప్పుకొనగల యజమాని ఆ తామ్రచూడునికి నిజమైన ఆప్తుడు.